సుంకి ఘాట్‌లో ఆగిపోయే లారీ: ఐదు వోల్టుల లైనులోని లోపాన్ని ఆసిలోస్కోప్‌తో పట్టుకున్న వైనం

విశాఖ వైపు నుంచి సిమెంటు తీసుకుని, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, సెమిలిగుడ, కోరాపుట్, జయపురం మీదుగా నవరంగపూర్ వెళ్లి, తిరుగు ప్రయాణంలో మొక్కజొన్నతో దిగే పది టైర్ల లారీ ఒకటి, లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే ఇంజిన్ ఆగిపోతోందన్న ఫిర్యాదుతో సెమిలిగుడలోని మా షెడ్డుకు వచ్చింది. బీఎస్-4 తరానికి చెందిన ఆరు సిలిండర్ల కామన్ రెయిల్ ఇంజిన్ (అన్ని ఇంజెక్టర్లకూ రెయిల్ అనే ఒకే గొట్టం నుంచి అధిక పీడనంలో డీజిల్ అందే రకం), 24 వోల్టుల వ్యవస్థ, ఇంజిన్ మీద కాకుండా ఛాసిస్‌కు బిగించిన ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఆ బండివి. పి.కోనవలస దాటి ఎక్కుడు మొదలయ్యాక, హెయిర్‌పిన్ మలుపు తిరిగి కింది గేరులో గట్టిగా లాగుతున్న సమయంలో, ముందుగా ఒకటి రెండు కుదుపులు వచ్చి వెంటనే ఇంజిన్ ఆగిపోతుంది. కాసేపు నిలిపి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టు అందుకుంటుంది. అదే లోడుతో విజయనగరం వైపు మైదానంలో ఎంత వేగంగా నడిపినా ఆగిన దాఖలా లేదు.

ఈ ఫిర్యాదు మీద అప్పటికే చాలా సామాను మారింది. క్రాంక్ సెన్సార్, రెయిల్ ప్రెషర్ సెన్సార్, డీజిల్ ఫిల్టర్లు, హై ప్రెషర్ పంపు మీద ఉండి దానికి అందే డీజిల్‌ను నియంత్రించే మీటరింగ్ యూనిట్ కొత్తవి వేశారు. ఈసీయూ నమోదు చేసిన లోపాల కోడ్లను చదివే స్కానర్‌లో ప్రతిసారీ రెండే కోడ్లు కనిపిస్తున్నాయి. ఒకటి పి 0087, అంటే రెయిల్‌లో పీడనం ఉండవలసిన దానికన్నా బాగా తక్కువగా ఉందని ఈసీయూ భావించింది. రెండోది పి 0341, అంటే కామ్‌షాఫ్ట్ సెన్సార్ నుంచి వచ్చే సిగ్నల్ క్రాంక్ సిగ్నల్‌తో పొసగడం లేదు. సామాను మార్చాక కూడా పి 0087 మళ్లీ రావడంతో, ఇక మిగిలింది పంపేనని, దాన్ని విప్పి విశాఖకు కాలిబ్రేషన్‌కు పంపాలని యజమాని దాదాపు నిర్ణయించుకున్న దశలో బండి మా దగ్గరికి వచ్చింది.

నేను ముందుగా బానెట్ జోలికి పోకుండా డ్రైవరును కూర్చోబెట్టి మాట్లాడాను. అందరూ దీన్ని వేడికి సంబంధించిన లోపంగానే చూశారు. ఎక్కుడులో ఇంజిన్ వేడెక్కుతుంది, ఆగుతుంది, చల్లారాక అందుకుంటుంది అన్న వాదన పైకి సబబుగానే ఉంది. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఆగిన వెంటనే, చల్లారనివ్వకుండా, ఎప్పుడైనా సెల్ఫ్ కొట్టి చూశావా బాబూ?"

"ఒకసారి కొట్టానండి మేస్త్రీ గారూ. వెనకాల బస్సువాడు హారన్ కొట్టేస్తుంటే కంగారులో కొట్టేశాను. వెంటనే అందుకుంది. కానీ వేడి మీద సెల్ఫ్ కొట్టొద్దని ఓనరు గారు చెప్పారని మళ్లీ ఎప్పుడూ కొట్టలేదండి."

వేడికి సెన్సార్ లోపలి చుట్ట తెగినా, ఈసీయూలో ఏదైనా టంకం వదిలినా అది కొన్ని క్షణాల్లో మళ్లీ అతుక్కోదు. ఇంజిన్ ఆగిన మరుక్షణమే అంతా సవ్యంగా ఉందంటే, ఆగడంతో పాటు మాయమైపోయే మరో కారణం ఉండాలి. ఇంజిన్ ఆగగానే వేడి పోదు, లోడు మాత్రం పోతుంది. కాబట్టి వేడిని పూర్తిగా కొట్టిపారేయకుండానే, లోడుకు స్పందించే కారణాన్ని వెతకాలని నిర్ణయించుకున్నాను.

ఇక్కడ పనిముట్టు గురించి కొంత చెప్పాలి. పక్కనే ఉన్న సునాబేడలో 1964లో ఏర్పడిన హెచ్‌ఏఎల్ ఇంజిన్ కర్మాగారం వల్ల మా చుట్టుపక్కల ఆసిలోస్కోప్ అన్న మాట వినని మెకానిక్ అరుదు. దాన్ని లారీకి తగిలించడమే చాలామందికి వింతగా ఉంటుంది. మల్టీమీటర్ ఒక వోల్టేజిని సెకనుకు కొన్నిసార్లు మాత్రమే కొలిచి, మధ్యలో జరిగినదాన్ని సగటులో కలిపేసి ఒక అంకె చూపిస్తుంది. ఐదు వోల్టుల లైను ఆరు మిల్లీసెకన్ల పాటు సున్నాకు పడి లేచినా మీటరు మీద దాదాపు ఐదనే కనిపిస్తుంది. ఈసీయూకు ఆరు మిల్లీసెకన్లు చిన్న వ్యవధి కాదు. స్కానర్‌ను నేను తక్కువ చేయను, ఏ వైపు చూడాలో అదే చెబుతుంది. కాకపోతే అది చూపించేది ఈసీయూ ఏమనుకుంటున్నదో గానీ తీగలో ఏం జరుగుతున్నదో కాదు. తీగలోని వోల్టేజిని కాలంతో పాటు గీసి చూపించేది ఆసిలోస్కోప్ ఒక్కటే, అందులోనూ నాలుగు తీగలను ఒకే కాలరేఖ మీద పక్కపక్కన పెట్టి చూడగలగడం దాని అసలు బలం.

మేము వాడేది ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీతో తగిలించే నాలుగు చానెళ్ల స్కోప్. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీదనే నడుపుతాము. కరెంటు ప్లగ్గుకు తగిలించి వాడే బెంచి స్కోపులో ప్రోబ్ ఎర్త్ క్లిప్పు నేరుగా కరెంటు ఎర్త్‌కు కలిసి ఉంటుంది కాబట్టి, దాన్ని బండిలో ఎర్త్ కాని తీగకు పట్టిస్తే అక్కడికక్కడే షార్ట్ అవుతుంది. యూఎస్‌బీ స్కోపులోనూ నాలుగు చానెళ్ల ఎర్త్‌లు సాధారణంగా లోపల ఒకటే. ముఖ్యంగా ఇంజెక్టరు తీగలు రెండింటిలో ఏదీ శాశ్వతంగా ఎర్త్ కాదు, రెండు వైపులా ఈసీయూ స్విచ్ చేస్తుంది. ఎర్త్ క్లిప్పును ఇంజెక్టరు తీగకు తగిలించి ఈసీయూ డ్రైవరును కాల్చుకున్న షెడ్లు ఉన్నాయి. ఇంజెక్టర్ల వరకు కరెంట్ క్లాంపు వాడడమే క్షేమం.

తొలి పరీక్షలు

వీటిని త్వరగానే ముగించాము, వీటి గురించి ఇక్కడ ఎక్కువ చెప్పవలసింది లేదు. ఇంజెక్టర్ల కప్లర్ తీసి, బ్యాటరీ తీగకు పెద్ద కరెంట్ క్లాంపు పట్టించి సెల్ఫ్ తిప్పాము. సెల్ఫ్ మోటార్ కదలడానికి మొదట తీసుకునే పెద్ద ఉరవడి దాటాక, ఒక్కో సిలిండరు కంప్రెషన్‌కు ఒక్కో గుట్ట చొప్పున, క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి ఆరు గుట్టలు వచ్చాయి, ఆరూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. అంటే హెడ్డు విప్పకుండానే కంప్రెషన్ సమానంగా ఉందని తేలింది. కప్లర్ తిరిగి పెట్టి, కోడ్లు చెరిపి, ఇంజిన్ స్టార్ట్ చేసి చూస్తే చార్జింగ్ 28 వోల్టుల పైన ఉంది, ఆల్టర్నేటర్ అలలు సమంగా, అర వోల్టులోపే ఉన్నాయి. డయోడు ఒకటి పోయి ఉంటే ఆ అలల మధ్య క్రమం తప్పకుండా ఒక లోతైన గుంట కనిపించేది. ఆరు ఇంజెక్టర్ల కరెంటు తరంగాలు ఒకదానిపై ఒకటి పరిచి చూస్తే తేడా కనిపించలేదు. ఒక్కసారిగా పైకెగసి, తరువాత తక్కువ స్థాయిలో నిలబడి, తెగడం అన్నింటిలోనూ ఒకే తీరుగా ఉంది.

క్రాంక్ సెన్సార్‌ను అప్పటికే మార్చారు కనుక కొత్తది సరిగ్గా ఉందో లేదో చూడవలసి వచ్చింది. ఇది ఇండక్టివ్ రకం, దీనికి బయటి సప్లై అవసరం లేదు. ఫ్లైవీల్ మీది పళ్లు ఎదుటగా వెళ్తుంటే తనే వోల్టేజి పుట్టిస్తుంది. 60 పళ్ల చోటులో రెండు ఖాళీగా వదిలిన చక్రం కాబట్టి ఒక్కో పన్ను ఆరు డిగ్రీలు. వేగం పెరిగే కొద్దీ అల ఎత్తు పెరుగుతూ వచ్చింది, ఖాళీ దగ్గర ఆకారం తిరగబడలేదు. బయటి సెన్సార్లలో కొన్నింటికి రెండు తీగలు తారుమారై ఉండి, ఖాళీ గుర్తింపులో తేడా వచ్చి సతాయిస్తాయి. ఇక్కడ ఆ సమస్య లేదు.

టర్బో నుంచి ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచే బూస్ట్ ప్రెషర్ సెన్సార్‌ను చూసినప్పుడు మా కుర్రాడు ఒక అనుమానం లేవనెత్తాడు. తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తే స్కానర్‌లో 91 కిలోపాస్కల్స్ వద్ద ఉంది, 100 దగ్గర ఉండాలి కదా అని. సముద్ర మట్టానికి దగ్గరలో పని నేర్చుకున్నవారికి ఇది సహజంగా వచ్చే సందేహమే. కోరాపుట్ పీఠభూమి మీద మేము సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాము, ఈ ఎత్తులో గాలి ఒత్తిడి ఉండవలసింది అంతే. సెన్సార్ సరైన మాటే చెబుతోంది.

ఒకే సప్లై మీద మూడు సెన్సార్లు

అసలు పరిశోధన వైరింగ్ పటంతో మొదలైంది. పి 0087, పి 0341 అనే రెండు కోడ్లకు పైకి ఏ చుట్టరికమూ లేదు. ఒకటి డీజిల్ పీడనానికి సంబంధించినది, ఇంకొకటి కామ్‌షాఫ్ట్ స్థానానికి సంబంధించినది. పటం విప్పి చూస్తే రెయిల్ ప్రెషర్ సెన్సార్, హాల్ రకం (అయస్కాంత క్షేత్రాన్ని బట్టి స్విచ్ అయ్యే) కామ్ సెన్సార్, బూస్ట్ సెన్సార్, ఈ మూడూ ఈసీయూ ఇచ్చే ఒకే ఐదు వోల్టుల సప్లై నుంచి, హార్నెస్ (తీగల కట్ట) లోపలి ఒకే అతుకు నుంచి చీలి వెళ్తున్నాయి. ఆ సప్లై ఒక్క క్షణం పడిపోతే మూడు సెన్సార్లూ ఒకేసారి అబద్ధం చెబుతాయి. రెయిల్ సెన్సార్ ఇచ్చే వోల్టేజి సప్లైకి తగ్గ నిష్పత్తిలో ఉంటుంది కాబట్టి, సప్లై పడితే పీడనం పడినట్టే ఈసీయూకు కనిపిస్తుంది. హాల్ సెన్సార్ సప్లై లేకపోతే స్విచ్ కాదు. బూస్ట్ పడినట్టు కనిపిస్తే ఈసీయూ పొగ రాకుండా డీజిల్ తగ్గిస్తుంది, డ్రైవరు చెప్పిన తొలి కుదుపులకు అది చాలు.

అయితే సప్లై పడిపోయిన సంగతికే పి 0642 లాంటి ప్రత్యేక కోడ్లు ఉన్నాయి గదా, అది ఎందుకు నమోదు కాలేదని అడగవచ్చు. ప్రతి కోడుకూ లోపం ఇంతసేపు నిలిస్తేనే నమోదు చేయాలన్న నిరీక్షణ కాలం ఉంటుంది. మధ్య మధ్య పడి లేచే లోపం ఒక కోడు నిరీక్షణను దాటి, మరో కోడు నిరీక్షణను దాటకపోవచ్చు. పైగా ఇంజిన్ ఆగగానే డ్రైవరు తాళం తీసేస్తున్నాడు. ఇది అప్పటికి ఊహ మాత్రమే, దాన్ని తెర మీద చూడవలసి ఉంది.

ముందుగా సెన్సార్ ఎర్త్‌ను బ్యాటరీ నెగెటివ్‌తో పోల్చి కొలిచాము. కొన్ని మిల్లీవోల్టులకు మించి తేడా లేదు. దీన్ని దాటవేయకూడదు, ఎందుకంటే ఎర్త్ వదిలినా ఇలాంటి గందరగోళమే వస్తుంది. కాకపోతే ఎర్త్ తెగితే సెన్సార్ సిగ్నల్ సాధారణంగా పైకి, ఐదు వోల్టుల వైపు పోతుంది, సప్లై పడితే కిందికి పోతుంది. పి 0087 తక్కువ పీడనాన్ని చెబుతోంది కనుక సప్లై మీదనే అనుమానం బలపడింది.

ఆపైన నాలుగు చానెళ్లూ ఇలా పెట్టాము. మొదటిది రెయిల్ ప్రెషర్ సిగ్నల్, రెండోది ఆ సెన్సార్ దగ్గరే ఐదు వోల్టుల సప్లై, మూడోది కామ్ సిగ్నల్, నాలుగోది క్రాంక్ సిగ్నల్. కప్లర్ల వెనుక నుంచి సన్నని బ్యాక్ ప్రోబ్ పిన్నులు పెట్టాము గానీ తీగ తొక్క గుచ్చలేదు. గుచ్చిన చోట వానాకాలంలో నీరు చేరి ఆకుపచ్చ తుప్పు పడితే కొత్త లోపాన్ని మనమే అమర్చినట్టవుతుంది. తెర నిడివి రెండు సెకన్లు, ఒక్కో చానెల్‌కు సెకనుకు పది లక్షల నమూనాలు. ట్రిగ్గర్‌ను, అంటే స్కోప్ తెరను పట్టి నిలపవలసిన గుర్తును, రెండో చానెల్ మీద, సప్లై 4.5 వోల్టుల కన్నా కిందికి దిగిన క్షణానికి పెట్టి, ఆ క్షణానికి ముందరి సెకను కూడా తెర మీద నిలిచేలా అమర్చాము. లోపం ఎప్పుడు వస్తుందా అని తెర వైపు కళ్లప్పగించి కూర్చోవడం కన్నా, అది వచ్చినప్పుడు స్కోప్ తనంతట తాను పట్టుకునేలా చేయడం మేలు.

ఇంజిన్ ఆఫ్‌లో, తాళం ఆన్‌లో ఉంచి, హార్నెస్‌ను కప్లర్ నుంచి కప్లర్ దాకా చేత్తో కదిలించి చూశాము. ట్రిగ్గర్ పడలేదు. ఇంజిన్‌ను పూర్తి వేడికి తెచ్చి, సెన్సార్ల మీదికి వేడి గాలి కూడా పంపాము. ట్రిగ్గర్ పడలేదు. దాంతో వేడి వాదన ముగిసింది. ఖాళీ గేరులో యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కినా ఐదు వోల్టుల గీత దారం లాగినట్టు తిన్నగా ఉంది.

లోడు పెట్టి చూసిన పరీక్ష

ఘాట్ మీద కింది గేరులో లాగేటప్పుడు ఇంజిన్‌కు ప్రత్యేకంగా జరిగేది ఏమిటని ఆలోచిస్తే సమాధానం ఇంజిన్ ఫౌండేషన్ల దగ్గర ఉంది. ఇంజిను, గేరుబాక్సు ఒకే ముక్కగా రబ్బరు ఫౌండేషన్ల మీద కూర్చుంటాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను ఎంత బలంతో తిప్పుతాయో, అంత బలంతోనూ ఆ ముక్క వ్యతిరేక దిశలో ఒరుగుతుంది. ఒకటో గేరు నిష్పత్తి ఆరుకో ఏడుకో దగ్గరగా ఉంటే, నేరు గేరులో ఉన్నప్పటి కన్నా ఆ ఒరుగుడు బలం అన్ని రెట్లు ఎక్కువ. మైదానంలో పై గేరులో అదే ఇంజిన్ పూర్తి శక్తితో లాగినా ఒరుగుడు కొంచెమే. ఘాట్ మలుపు తిరిగి కింది గేరులో ఎత్తేటప్పుడు ఒరుగుడు అత్యధికం. ఫిర్యాదులోని ప్రతి వివరమూ దీనికి సరిపోతుంది.

దీన్ని షెడ్డు ముందే రప్పించే మార్గం ఉంది, కానీ జాగ్రత్తగా చేయాలి. బండి సిమెంటు లోడుతోనే ఉంది. అన్ని వెనుక చక్రాలకూ ముందూ వెనుకా గట్టి చెక్కలు పెట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, కాలి బ్రేకు కూడా తొక్కి ఉంచి, బండికి ముందు గానీ వెనుక గానీ ఎవరూ లేకుండా చూసి, డ్రైవరు చేత రెండో గేరులో ఇంజిన్‌ను సుమారు 1,000 ఆర్‌పీఎం మీద నిలిపి, క్లచ్‌ను ఒక్క క్షణం కొద్దిగా వదిలించాము. అంతకన్నా ఎక్కువసేపు పట్టి ఉంచితే క్లచ్ ప్లేటు కాలిపోతుంది. పక్కనుంచి చూస్తుంటేనే ఇంజిన్ ఉండవలసిన దానికన్నా ఎక్కువ ఒరిగింది. ట్రిగ్గర్ పడింది, ఇంజిన్ ఆగిపోయింది.

ఆ ఒక్క తెర ఈ కేసు మొత్తానికి ఆయువుపట్టు కాబట్టి దాన్ని నిదానంగా చదవాలి. 1,000 ఆర్‌పీఎం వద్ద ఈ చక్రానికి ఒక్కో పన్ను సరిగ్గా ఒక మిల్లీసెకను తీసుకుంటుంది, కాబట్టి నాలుగో చానెల్‌లోని క్రాంక్ పళ్లను లెక్కబెడితే అదే గడియారం. మొదట ఐదు వోల్టుల సప్లై ఆరు పళ్ల కాలం పాటు అర వోల్టు కన్నా కిందికి పడి లేచింది. అప్పటివరకు 2.1 వోల్టులున్న రెయిల్ సిగ్నల్ అదే క్షణంలో దానితో పాటు పడి, దానితో పాటే లేచింది. కామ్ సిగ్నల్ ఆ కాసేపు పై స్థాయిలో బిగుసుకుపోయింది. కొద్దిసేపటికి సప్లై మళ్లీ పడింది. ఈసారి దాదాపు 180 మిల్లీసెకన్లు కిందనే ఉంది. క్రాంక్ సిగ్నల్ మాత్రం ఎక్కడా తెగలేదు. పళ్ల మధ్య దూరం మాత్రం పెరుగుతూ పోయింది, అంటే ఇంజెక్షన్ నిలిచి ఇంజిన్ వేగం పడిపోతోంది. మార్చి పారేసిన పాత క్రాంక్ సెన్సార్ నిర్దోషి అని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

రెయిల్ పీడనం నిజంగా పడిందా, పడినట్టు కనిపించిందా అన్నది తేల్చేది ఆ పడిన తీరే. రెయిల్‌లోని డీజిల్ వందల బార్ల ఒత్తిడిలో ఉంటుంది. ఒక్కో ఇంజెక్షన్‌కు అది కొంత దిగి పంపు మళ్లీ నింపేసరికి లేస్తుంది, పైపు పగిలినా గీత ఒక వాలులో దిగుతుంది. మిల్లీసెకనులో చిన్న భాగంలో నిట్టనిలువుగా సున్నాకు పడి, ఆరు మిల్లీసెకన్ల తరువాత మళ్లీ నిట్టనిలువుగా పాత చోటికే లేవడం ఏ ద్రవానికీ సాధ్యం కాదు. అది విద్యుత్తు చేసే పని.

అంతకన్నా విలువైన సంగతి రెండో పతనం చివర కనిపించింది. సప్లై తిరిగి లేచినప్పుడు రెయిల్ సిగ్నల్ 2.1 వోల్టుల దగ్గర ఆగలేదు, 2.6 వద్ద తేలింది. ఈ సెన్సార్ సున్నా పీడనానికి 0.5 వోల్టు, 1,800 బార్లకు 4.5 వోల్టులు ఇస్తుంది. ఆ లెక్కన పడకముందు 720 బార్లు, లేచాక 945 బార్లు. ఈసీయూ పీడనం లేదనుకుని మీటరింగ్ యూనిట్‌ను బార్లా తెరిచింది, ఇంజెక్షన్‌ను ఆపేసింది. తిరుగుతున్న పంపు తనకు అందిన డీజిల్‌నంతా రెయిల్‌లోకి నెట్టింది, బయటికి పోయే దారి లేక పీడనం పెరిగింది. తక్కువ పీడనమని కోడు చెప్పిన ఆ క్షణంలోనే రెయిల్‌లో నిజమైన పీడనం 200 బార్లకు పైగా పెరుగుతూ ఉంది. విశాఖకు పంపబోయిన పంపు, అంత తక్కువ వేగంలో, అంత తక్కువ వ్యవధిలో ఈ పని చేయగలిగిందంటే అది బలహీనపడిన పంపు కాదు. యజమానికి ఫోను చేసి పంపు విప్పవద్దని చెప్పింది ఈ తెర చూశాకే.

చోటు పట్టుకోవడం

లోపం ఏ లైనులో ఉందో తేలింది, ఏ చోట ఉందో తేలలేదు. ఇక్కడ చాలామంది హార్నెస్ మొత్తం టేపు విప్పేస్తారు, దాని అవసరం లేదు. ముందుగా అదే పరీక్షను రివర్స్ గేరులో చేశాము. రివర్స్‌లో ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎదురు తిరుగుతుంది కనుక ఇంజిన్ రెండో పక్కకు ఒరుగుతుంది. ట్రిగ్గర్ పడలేదు. మళ్లీ రెండో గేరు వేస్తే పడింది. అంటే తీగ ఒక పక్కకు ఒరిగినప్పుడే దేన్నో తాకుతోంది.

ఇంజిన్‌కే కట్టిన హార్నెస్ ఇంజిన్‌తో పాటే ఒరుగుతుంది, కాబట్టి దానికీ ఇంజిన్‌కూ మధ్య రాపిడి ఉండదు. ఛాసిస్‌కు కట్టిన భాగం అసలు కదలదు. రాపిడి జరగగలిగేది ఇంజిన్ మీది హార్నెస్ ఛాసిస్ మీదికి దాటే చోట మాత్రమే. ఈ బండిలో అటువంటి దాటు ఒక్కటే, ఈసీయూకు వెళ్లే దారిలో, ఇంటర్‌కూలర్ గొట్టాన్ని పట్టి ఉంచే బ్రాకెట్ పక్కన. అద్దం పెట్టి చూస్తే అక్కడ హార్నెస్‌ను పట్టి ఉంచవలసిన క్లిప్పు లేదు, దాని రంధ్రం ఖాళీగా ఉంది. గతంలో ఏదో పని మీద గొట్టం దింపినప్పుడు తీసిన క్లిప్పు తిరిగి పెట్టలేదని అనుకోవాలి. జారిన హార్నెస్ బ్రాకెట్ అంచు మీద వాలి, ముడతల ప్లాస్టిక్ గొట్టం అరిగి, లోపలి తీగల్లో ఒకదాని తొక్క గోరంత మేర పోయి రాగి మెరుస్తోంది. అదే ఐదు వోల్టుల తీగ. ఆ రాగి ఎర్త్ అయిన బ్రాకెట్‌ను తాకినప్పుడల్లా లైను సున్నాకు పడుతోంది. దాని పక్క తీగ తొక్క కూడా పలచబడింది గానీ తెగలేదు. చేత్తో కదిలించినప్పుడు ట్రిగ్గర్ ఎందుకు పడలేదో కూడా అర్థమైంది. మేము హార్నెస్‌ను కదిలించాము గానీ టన్నుల బలంతో ఒరిగే ఇంజిన్ ఆ తీగను అంచుకు నొక్కినట్టు నొక్కలేదు.

ఆ పక్క ఇంజిన్ ఫౌండేషన్ రబ్బరు చీలి ఉంది. రబ్బరు బాగుంటే ఇంజిన్ అంతగా ఒరిగేది కాదు, క్లిప్పు లేకపోయినా తీగ బహుశా అంచును అంత గట్టిగా తాకేది కాదు. క్లిప్పు ఉంటే రబ్బరు చీలినా తాకేది కాదు. రెండూ కలిసినప్పుడే లోపం బయటపడింది.

మరమ్మతు, దాని పరీక్ష

దెబ్బతిన్న చోటు కత్తిరించి, సరైన మందం తీగ ముక్కతో, రెండు అతుకులూ ఒకే చోట పడకుండా ముందు వెనుకలుగా పెట్టి, క్రింప్ చేసి, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టం తొడిగాము. అదిరే చోట టంకం పెట్టడం నాకు ఇష్టం ఉండదు; టంకం పాకిన మేర తీగ బిరుసెక్కి, అది ముగిసే చోట కొన్నాళ్లకు తెగుతుంది. పలచబడిన పక్క తీగకూ అదే చేశాము. కొత్త ముడతల గొట్టం, దాని మీద వేడికి తట్టుకునే అల్లిక స్లీవు, కంపెనీ క్లిప్పు, కొత్త ఫౌండేషన్ రబ్బర్లు రెండు పక్కలా వేశాము. బ్రాకెట్ అంచును ఆకురాయితో గుండ్రం చేశాము. పాత రెయిల్ సెన్సార్, మీటరింగ్ యూనిట్ యజమాని దగ్గర భద్రంగానే ఉన్నాయి. వాటిని విడి సామానుగా ఉంచుకోమని చెప్పాము, వాటిలో లోపం ఉందనడానికి ఏ ఆధారమూ లేదు.

కోడ్లు చెరిపి, షెడ్డు ముందు అదే క్లచ్ పరీక్ష చేస్తే ట్రిగ్గర్ పడలేదు. కానీ ఫిర్యాదు ఘాట్ మీదిది, కాబట్టి రుజువు కూడా ఘాట్ మీదే కావాలి. బండి సరుకు దింపేసి కిందికి వెళ్లి మళ్లీ సిమెంటుతో ఎక్కేటప్పుడు, స్కోప్ తీగలను కదలకుండా కట్టి, వేడి గొట్టాలకూ ఫ్యాన్‌కూ దూరంగా క్యాబిన్‌లోకి లాగి, ల్యాప్‌టాప్‌ను మా కుర్రాడి ఒళ్లో పెట్టి, సాలూరు నుంచి సుంకి దాకా ట్రిగ్గర్‌ను సిద్ధంగా ఉంచాము. ఇంతకుముందు ఆగిన మలుపుల్లో డ్రైవరు మాకు చెప్పి మరీ కింది గేరులో గట్టిగా లాగాడు. ఐదు వోల్టుల గీత ఎక్కడా 4.9 కన్నా కిందికి దిగలేదు. గట్టి ఎక్కుడులో రెయిల్ సిగ్నల్ 3.5 వోల్టుల పైకి, అంటే 1,350 బార్ల పైకి లేచి, గేరు మార్చినప్పుడు వాలుగా దిగి, మళ్లీ వాలుగా లేచింది. నిజమైన పీడనం కదిలే తీరు అదే. కామ్ పళ్లు, క్రాంక్ పళ్లు ఒకదానికొకటి తప్పలేదు. సుంకి చేరాక స్కానర్ పెట్టి చూస్తే కొత్త కోడు ఏదీ నమోదు కాలేదు.

బాగున్నప్పటి ఈ తరంగాలను, చెడినప్పటి తెరతో పాటు, బండి మోడల్ పేరుతో దాచాము. ఈ మోడల్ మళ్లీ వస్తే ఏది మామూలో పోల్చుకోవడానికి పుస్తకంలో దొరకని ఆధారం అది. ఆ యజమాని దగ్గరే అదే మోడల్ మరో బండి ఉంది, అది కూడా ఇదే దారిలో తిరుగుతుంది. ఖాళీగా వచ్చినప్పుడు ఆపించి అదే చోట అద్దం పెట్టి చూశాము. క్లిప్పు ఉంది గానీ వదులైంది, ముడతల గొట్టం మీద గీతలు పడ్డాయి, తీగల దాకా ఇంకా రాలేదు. క్లిప్పు మార్చి, స్లీవు తొడిగి, ఫౌండేషన్ రబ్బర్లు తదుపరి సర్వీసులో చూడాలని జాబ్ కార్డు మీద రాసి పంపాము.